పదికి పది

సంతకం పెట్టాల్సిన కాగితం లోకేశ్వరి ఒళ్ళో ఉంది, పెన్ను చేతిలో ఉంది, మూత కూడా తీసే ఉంది, పన్నెండు లోపల పెట్టి ఇవ్వమని చెప్పి డాక్టర్ యదునందన్ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళిపోయాడు, గోడ గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది, అంటే ఇంకా యాభై అయిదు నిమిషాలు, ఒక్క సంతకానికి యాభై అయిదు నిమిషాలు ఎవరికి కావాలి, ఆమె పేరులో ఉన్నవే నాలుగు అక్షరాలు. కాగితం మీద ఐరాల మండలం అని ఉంది, పరీక్షించిన షుగర్ రోగులు రెండు వందల పద్నాలుగు మంది అని ఉంది, వాళ్ళలో పాదాల స్పర్శ పోయినవాళ్ళు పదకొండు మంది అని ఉంది, ఆ కింద 'వివరాలు సరిచూశాను' అని అచ్చులో ఉంది, దాని కింద ఖాళీ గీత. షుగర్ మనిషి కాళ్ళను ఎట్లా తినేస్తుందో, ఎంత ముందుగా పసిగట్టవచ్చో తేల్చడానికి తిరుపతిలోని ఈ ఆసుపత్రివాళ్ళు రెండేళ్ళుగా చేస్తున్న పరిశోధన ఇది, ఊరూరా తిరిగి జనం కాళ్ళు పరీక్షించి రావడం లోకేశ్వరి ఉద్యోగం. మిగతా మండలాల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి అరికాళ్ళు మొద్దుబారిపోయి ఉంటే ఐరాలలో మాత్రం అందరూ బంగారంలా ఉన్నారు, కాబట్టి ఈ సంతకం పడితే మెత్తటి అట్ట వేసిన షుగర్ చెప్పులూ ఏటేటా జరిగే కాళ్ళ పరీక్షలూ ఆ మండలాలకు పోతాయి, ఐరాలకు అక్కర్లేదు. ఆ రెండు వందల పద్నాలుగు మందిలో ఒకావిడ, గంగులమ్మ, పదికి పది తెచ్చుకున్న గంగులమ్మ, ఈ తలుపు అవతల బల్ల మీద పడుకుని ఉంది, ఆమె కుడికాలు తీసేస్తున్నారు.

లోకేశ్వరికి ఏడుపు రాలేదు. రావాలి కదా అని కాసేపు ప్రయత్నించింది కూడా, కాలు అని మనసులో అనుకుంది, కాలు తీసేస్తున్నారు అని పూర్తిగా అనుకుంది, అయినా లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు, పైగా పొద్దున ఇడ్లీలోకి చట్నీ లేదని అమ్మ మీద విసుక్కున్నది గుర్తొచ్చింది. ఎదురు బెంచీ మీద గుండు కొట్టించుకుని చందనం పూసుకున్న ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, కొండ దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు, ఆయన తాలూకు మనిషి లోపల ఎవరున్నారో, ఎండిన చందనం పెచ్చులు పెచ్చులుగా చొక్కా మీద రాలుతోంది. ఆయన కాళ్ళకు చెప్పులు లేవు. లోకేశ్వరి కళ్ళు వాటంతట అవే ఆయన అరికాళ్ళ మీదికి పోయాయి, రెండేళ్ళుగా ఇదే అలవాటు, మనుషుల ముఖాలు మరిచిపోతుంది గానీ కాళ్ళు మరిచిపోదు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ మడమలు చూసి వీళ్ళకు షుగర్ ఎన్నేళ్ళుగా ఉందో అంచనా వేస్తుంది, పెళ్ళిచూపులకు వచ్చినవాడి బొటనవేలి గోరు పసుపుపచ్చగా ఉందని చెబితే అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ సంబంధం తప్పిపోయినప్పుడు కూడా ఇట్లాగే, బాధపడాలి కాబోలు అనుకుంటూనే మధ్యాహ్నమంతా నిద్రపోయింది. గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి.

ఆమె సంచిలో ఉండే పనిముట్టు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ప్లాస్టిక్ పిడికి గుచ్చిన ఒక నైలాన్ పోగు, చేపల గాలానికి కట్టే దారం లాంటిది, అంతే. రోగిని పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఆ పోగు కొసను అరికాలి మీద ఒకచోట ఆనించి అది వంగేదాకా నొక్కాలి, తెలిసినప్పుడల్లా ఊఁ అనమని చెప్పాలి, ఫారంలో పాదం బొమ్మ మీద పది చుక్కలు ఉంటాయి, తెలిసిన చుక్కకు టిక్కు, తెలియని చుక్కకు సున్నా. నొక్కేవాళ్ళు నోరు మెదపకూడదు. పుస్తకంలో లావు అక్షరాలతో రాసి ఉంది, శిక్షణలో మూడుసార్లు చెప్పారు, అడగకూడదు, రోగి తనంతట తాను చెప్పాలి. వినడానికి బాగానే ఉంది. మొదటి ఊళ్ళో మొదటి ఇంట్లో ఏకాంబరం అనే పెద్దాయన కళ్ళు మూసుకుని ఆ మౌనాన్ని రెండు నిమిషాలు భరించి గబుక్కున లేచి కూర్చున్నాడు, "ఏం పాపా, మంత్రమేమన్నా ఏస్తా ఉండావా? మాట్లాడకుండా కాలు పట్టుకుంటే నాకు బయమైతాది" అన్నాడు. ఆయన భార్య గడపలో నిలబడి అనుమానంగా చూసింది. అప్పుడు లోకేశ్వరి నవ్వి, "తగిలిందా తాతా?" అంది. "ఆఁ, తగిలింది" అన్నాడాయన హాయిగా, వెనక్కి వాలి. ఎంత తేలిక. ఆ రోజు నుంచి తగిలిందా అవ్వా, తగిలిందా మామా, తగిలిందా పెద్దమ్మా, ఇంటింటా అదే పాట, ఎండలో అంత దూరం నడిచి వచ్చిన పిల్ల అంత మర్యాదగా అడుగుతుంటే లేదని ఎవరంటారు, అందరూ తగిలిందనే అన్నారు.

పుస్తకం రాసినవాళ్ళకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఈ ఊళ్ళలో కాళ్ళు ఊరికే పట్టుకోరు. చిన్నవాళ్ళు వంగి మొక్కుతారు, మొక్కగానే పెద్దవాళ్ళు లేపి చల్లగా ఉండమంటారు, అంతటితో సరి, పట్టుకుని కూర్చుంటే వాళ్ళేం చేయాలి. అందులోనూ గంగులమ్మ. ఊరికి అవతల ఉంటాయి వాళ్ళ ఇళ్ళు, యాభై ఎనిమిదేళ్ళలో ఆమె ఎందరి వాకిళ్ళ ముందో చెప్పులు చేతబట్టుకుని నడిచింది, ఆమె కాలు మాత్రం ఎవరూ ముట్టుకుని ఎరగరు. తిరుచానూరు పిల్ల, ఇస్త్రీ చుడీదార్ వేసుకున్న పిల్ల, పేడ అలికిన నేల మీద బాసింపట్టు వేసుకుని తన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంటే ఆమె ప్రాణం కొట్టుకులాడిపోయింది. "వద్దు పాపా, మా కాళ్ళు నువ్వు ముట్టగూడదు, మాకు పాపం సుట్టుకుంటాది" అని రెండుసార్లు లాక్కుంది. లాక్కున్నాక పెరట్లోకి పోయి రాయితో మడమలు తోముకుని, కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. పాదం ఒళ్ళో ఉన్నంతసేపూ దాని బరువు ఆ పిల్ల మీద పడకూడదని గాల్లో ఎత్తి పట్టింది, తొడ వణుకుతోంది, లోకేశ్వరికి అదంతా అప్పుడు ముచ్చటగా అనిపించింది. తగిలిందా పెద్దమ్మా, తగిలింది పాపా, ఇప్పుడు, తగిలింది పాపా. ఎంత తొందరగా చెబితే అంత తొందరగా కాలు వదిలిపెడుతుందని ఆమె తొందర. అది అర్థం కావడానికి లోకేశ్వరికి పదకొండు నెలలు పట్టింది, అదీ ఈ బెంచీ మీద కూర్చున్నాక.

"అక్కా, కాఫీ తాగు. పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు నువ్వు." సుజన వచ్చి పక్కన కూర్చుంది. గంగులమ్మ కూతురు, గూడూరులో నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పనిలో ఉంది, కబురు అందగానే రాత్రి రైలెక్కి వచ్చింది, ఆమె చేతుల నుంచి ఇంకా నిమ్మతొక్క వాసన వస్తోంది. పొద్దున ఫైలు పట్టుకుని వచ్చిన లోకేశ్వరిని చూసి, మా అమ్మ చెప్పే పాప నువ్వేనా అని చేతులు పట్టేసుకుంది, అప్పటి నుంచి అక్కా అంటూ వదలడం లేదు. "లోపలికి పోయేటప్పుడు కూడా నీ మాటే అడిగినాది, ఆ పాప వచ్చినాదా అని. మాకు ఈడ ఎవురు తెలుసు, నువ్వుండావని దైర్యం." లోకేశ్వరి కాఫీ అందుకుంది. అదేదో వేరే లోకేశ్వరి గురించి చెబుతున్నట్టు విన్నది, ఆ వేరే లోకేశ్వరి మంచిదిలా ఉంది.

సుజన చెబుతూనే ఉంది, దిగులు కమ్మినవాళ్ళకు మాట్లాడటం ఆగదు. మూడు వారాల కిందట జరిగింది. బెల్లం వండే చోట పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే పనికి పోయేది గంగులమ్మ, షుగర్ ఉన్న మనిషి బెల్లం కాడ పనేంది అని ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేస్తే, నేనేం తింటానా, కాగబెడతా ఉండాను అని నవ్వేదట. "ఆ పొద్దు పని మద్దిలో, ఏందో కమురు వాసన వస్తా ఉండాది, సూడండమ్మే, ఎవురి కొంగన్నా అంటుకునిందేమో అని అరిసిందంట మాయమ్మే. అందురూ కొంగులు దులుపుకున్నారంట. కడాకి సూస్తే అక్కా, పొయ్యిలోంచి దొర్లిన నిప్పు మాయమ్మ కాలి కిందనే ఉండాదంట, దానిమీదనే నిలబడుకోని ఉండాదంట." సుజన గ్లాసు కింద పెట్టింది. "ఇరవై దినాలు నాకు సెప్పలేదు. ఏదో పసురు పూసుకోని పనికి పోయినాది. పక్కింటామె ఆస్పత్రికి పదమంటే, నా కాళ్ళు బాగుండాయని ఆ పాప రాసుకోని పోయింది, పదికి పది ఏసినాది, నాకేం గాదు పో అనిందంట. మాయమ్మ అంత మొండిది అక్కా." అమ్మ మొండితనం గురించే చెబుతోంది ఆ పిల్ల, ఇంకెవరి మీదా తప్పు పెట్టడం లేదు, చెప్పి చీటీ పట్టుకుని మందుల కొట్టుకు పోయింది. కాఫీలో చక్కెర ఎక్కువైంది. లోకేశ్వరి దాన్ని చివరిదాకా తాగింది.

పదకొండూ ముప్పై. సమీక్ష జరిగిన రోజు ఏసీ గదిలో గోడ మీద బొమ్మలు వేసి చూపించారు, ఒక్కో మండలానికి ఒక్కో గీత, ఐరాల గీత మాత్రం పొట్టిగా నేలకు అంటుకుని ఉంది, యదునందన్ చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. "లోకేశ్వరీ, మీ ఐరాలవాళ్ళ రహస్యమేంది?" అన్నాడు. రాగిసంగటి వల్లేమో అన్నారొకరు, చిన్నప్పటి నుంచి వట్టికాళ్ళతో నడిచి నరాలు గట్టిపడ్డాయేమో అన్నారొకరు, దీని మీదే విడిగా ఒక పరిశోధన పెట్టవచ్చని ఇంకొకరు అన్నారు, రాగిసంగటి పాపం ఏమీ ఎరగకుండా అంత పేరు తెచ్చేసుకుంది. చప్పట్లు కొట్టారు. లోకేశ్వరి లేచి నిలబడింది. అప్పుడు ఆమెకు సంతోషం వేసింది, అది మాత్రం బాగా గుర్తుంది, ఇంటికి పోయి నాయనకు చెప్పింది, దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన నాయన, తనకూ పదేళ్ళుగా షుగర్ ఉన్న నాయన, "మన అమ్మిది చేతివాసి మంచిది" అని పొరుగింటికి వినపడేలా అన్నాడు. నాయన కాళ్ళు ఆమె ఒక్కసారి కూడా పరీక్షించలేదు. ఎందుకో ఇంట్లో కుదరలేదు. పరీక్షించినా తగిలిందా నాయనా అనే అడిగి ఉండేది, కూతురు అడిగితే ఆయన తగిలిందనే అని ఉండేవాడు.

సాకులు లేకపోలేదు, కూర్చుని వెతికితే బోలెడు దొరుకుతాయి. ఎండ, దూరం, రోజుకు పన్నెండు ఇళ్ళు చూడాలన్న నియమం, మాట్లాడకపోతే జనం భయపడతారు, తను అడిగింది ప్రేమతోనే, అడగడం తప్పని అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. చెప్పారు, మూడుసార్లు. అయినా పర్వాలేదు, తెలియక చేసింది, తెలియక చేసినదానికి ఎవరైనా ఏమంటారు, తెలియక. ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె మనసు జారి ఇంకెటో పోతోంది, ఎదురు బెంచీ ఆయన చందనం మీదికో, నర్సు చేతిలోని ట్రే మీదికో, తిరుచానూరులో చిన్నప్పుడు గుడి బయట మధ్యాహ్నపు బండల మీద కాళ్ళు కాలి అమ్మ పాదాల మీద తన పాదాలు పెట్టి నడిచిన రోజు మీదికో, అప్పుడు అమ్మ కాళ్ళు కాలేవి కావా, అమ్మ ఎందుకు అరిచేది కాదు. మళ్ళీ చుట్టూ తిరిగి గంగులమ్మ ఇంటికే వచ్చింది. ఏడో చుక్క. బొటనవేలి వెనకాల మెత్తటి కండ మీద ఉండే చుక్క. నాలుగున్నర బస్సు హారన్ రోడ్డు మీద నుంచి వినబడింది, అది పోతే మళ్ళీ ఆరున్నరకే, లోకేశ్వరి రోడ్డు వైపు తల తిప్పింది, పోగు చేతిలోనే ఉంది, కాలికి ఇంకా ఆనించలేదు, అలవాటు కొద్దీ నోరు మాత్రం "తగిలిందా పెద్దమ్మా?" అంది. "తగిలింది పాపా" అంది గంగులమ్మ, కళ్ళు గట్టిగా మూసుకుని.

విన్నది. ఆ జవాబు తను విన్నదని లోకేశ్వరికి తెలుసు. ఒక్క క్షణం పోగు వైపూ పాదం వైపూ చూసి, నవ్వొచ్చి, నవ్వు ఆపుకుని, ఏడో చుక్క మీద టిక్కు పెట్టింది, ఎనిమిది తొమ్మిది పది గబగబా ముగించింది, మీ కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి పెద్దమ్మా, పదికి పది అని చెప్పి ఆమె ఇచ్చిన వేరుశనక్కాయల పొట్లం సంచిలో వేసుకుని బస్సు కోసం పరుగెత్తింది. బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. తెలియక చేసింది కాదు ఇది, ఆ రోజే, ఆ క్షణమే తెలుసు, ఆ ఒక్క టిక్కు అబద్ధమైతే అంతకు ముందు పెట్టినవన్నీ ఏమవుతాయో అని కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ అనుకుంది కూడా, అనుకుని వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నది. ఇప్పుడు తలుపు అవతల ఏదో యంత్రం సన్నగా గుర్రుమని ఆగింది. లోకేశ్వరి ఆ చప్పుడు విని, అది ఎముక చప్పుడని తెలిసి, తన ఒంట్లో ఏమవుతుందోనని ఎదురుచూసింది. ఏమీ కాలేదు.

పదకొండూ నలభై ఏడు. సంతకం పెడితే ఏమవుతుంది. ఏమీ కాదు, గంగులమ్మ కాలు ఎటూ పోయింది, ఉద్యోగం నిలబడుతుంది, పరిశోధన పూర్తవుతుంది, యదునందన్ రెండేళ్ళ కష్టం నీళ్ళపాలు కాదు. పెట్టకపోతే అన్నీ అవుతాయి. ఇట్లా అనుకుంటుండగానే కళ్ళ ముందుకు కాళ్ళు రావడం మొదలైంది, ముఖాలు లేవు, ఒట్టి కాళ్ళు, మామిడి తోటలో ముళ్ళకంప నరికే కాళ్ళు, ఇటుకల బట్టీ కాడ వేడి బూడిద తొక్కే కాళ్ళు, వేలికి రాయి తగిలి నెత్తురు కారుతుంటే కూతురు చెబితే గానీ తెలియని కాళ్ళు, అన్నిటికీ తను చల్లగా పదికి పదీ పదికి తొమ్మిదీ వేసి వచ్చిన కాళ్ళు. రెండు వందల మూడు మందికి కాళ్ళు బాగున్నాయని ధైర్యం చెప్పి వచ్చింది. వాళ్ళలో ముగ్గురికి ఒకరు అనుకుంటే అరవై ఏడు. ఆ అరవై ఏడు మంది ఎవరో ఆమెకు తెలియదు, వాళ్ళకూ తెలియదు, ఈ పూట వాళ్ళలో ఎవరు దేని మీద నిలబడి ఉన్నారో ఎవరికీ తెలియదు. లోకేశ్వరి పెన్నుకు మూత పెట్టింది.

పన్నెండుకు నాలుగు నిమిషాలు ఉండగా తలుపు తెరుచుకుంది. సుజన అప్పుడే మందుల సంచితో వచ్చింది. యదునందన్ తలకున్న టోపీ తీసి చేతిలో నలుపుతూ ఆమె ముందు ఆగాడు. "మోకాలి కింద నుంచి తీసినామమ్మా. ప్రాణానికి భయం లేదు. కాలిన వెంటనే వచ్చి ఉంటే రెండు వేళ్ళతో పోయేది." సుజన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన లోకేశ్వరి ఒళ్ళోని ఫైలులోంచి గంగులమ్మ ఫారం తీసుకుని పాదం బొమ్మ మీది టిక్కులు వేలితో లెక్కపెట్టాడు. "ఇదే నాకు అర్థం కావడం లేదు. పదకొండు నెలల కింద పదికి పది, ఇప్పుడు నిప్పు మీద నిలబడినా తెలియలేదు. ఇంత తొందరగా స్పర్శ పోవడం నేనెక్కడా చూడలేదు లోకేశ్వరీ. ఈమె గురించి విడిగా రాయాలి మనం. ఆ కాగితం అయిందా?"

"ఆ పది తప్పు సార్" అంది లోకేశ్వరి. గొంతు మామూలుగానే ఉంది, బస్సు ఎన్నింటికని అడిగినట్టే ఉంది. "నేను తగిలిందా, తగిలిందా అని అడిగినాను. వాళ్ళు తగిలిందన్నారు."

"ఎందరిని అడిగినావు?"

"అందర్నీ సార్. రెండు వందల పద్నాలుగు మందినీ."

యదునందన్ ఏదో అనబోయేలోగా స్ట్రెచర్ బయటికి వచ్చింది. నడుము దాకానే మత్తు ఇచ్చారు కాబట్టి గంగులమ్మ మెలకువగానే ఉంది, ముఖం పీక్కుపోయి ఉంది, చెవులు మాత్రం చురుగ్గా పనిచేస్తున్నాయి. "సారూ, ఆ పాపని ఏమీ అనొద్దండి" అంది తల ఎత్తలేక ఎత్తుతూ. "నాకు తగిలింది సారూ. దేవుడి సాక్షిగా పదిసార్లూ తగిలింది. బంగారు బిడ్డ, మా కాళ్ళు ఒళ్ళో పెట్టుకునింది." దుప్పటి కింద ఒక పాదమే ఎత్తుగా ఉంది. ఏది ఉందో ఏది పోయిందో ఆమెకింకా తెలియదు. యదునందన్ ఆమెను చూసి, లోకేశ్వరిని చూశాడు, ఆయన కళ్ళలో చిన్న ఆశ కనబడింది. ఊరుకుంటే చాలు ఇప్పుడు, ఆమే సాక్ష్యం చెబుతోంది, కాలు పోయిన మనిషే చెబుతోంది.

"ఏడో చుక్క కాడ నేను నీ కాలు ముట్టుకోనేలేదు పెద్దమ్మా. బస్సు వస్తుందని ఊరికే అడిగినాను. తగిలిందన్నావు. నీకు తెలియడం లేదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే రాసినాను."

గంగులమ్మ ఎత్తిన తల దించింది. "లేదంటే మళ్ళా మొదుట్నించీ కాలు పట్టుకుంటావని సెప్పినాను పాపా" అంది నెమ్మదిగా, తప్పు తనదే అన్నట్టు.

యదునందన్ సంతకం లేని కాగితాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "రేపు ఆరింటికి ఐరాలకు బండి వేయిస్తా. నేనూ వస్తా. మొదటి ఇంటి నుంచి మళ్ళీ చూడాలి" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. వార్డుకు తోసుకుపోవడానికి ఆసుపత్రి ఆయా స్ట్రెచర్ వెనక నిలబడింది. సుజన ఇంతసేపూ ముందరి కమ్మీ పట్టుకుని కదలకుండా ఉంది. లోకేశ్వరి లేచి వెళ్ళి కమ్మీ రెండో చివర పట్టుకోబోయింది.

"మేడమ్, మీరు కొంచెం పక్కకు జరగండి" అంది సుజన.

లోకేశ్వరి గోడకు ఆనుకుని దారి ఇచ్చింది.